గాలికి తోక తిప్పిన పావురాలు

శుక్రవారం అంటే లోకానికంతా సెలవు. మా మజ్రాలో మాత్రం బార్లీ కోత అయిపోయిన ఆ నెలన్నర, నాకు శుక్రవారమే అన్నిటికంటే పెద్ద డ్యూటీ. ఆ పాపం ఎవరిదో కాదు, నా నోటిదే.

మజ్రా అంటే పొలం, తోట, మేకల కొట్టం అన్నీ కలిసిన చోటు. దోహా నుంచి ఉత్తరంగా గంటంబావు దారి. తొమ్మిదేళ్లుగా అక్కడ నీళ్లు పెడుతున్నాను, గడ్డి కోస్తున్నాను. కోత అయ్యాక రాలిన గింజల కోసం పావురాలు గుంపులు గుంపులుగా దిగుతాయి. మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, వాటిని తుపాకీతో కొట్టడం వయసులో ఉన్నప్పటి నుంచీ సరదా. ఇప్పుడాయన డెబ్బై దాటిన ముసలాయన. ఒక ఏడు ఆయన పెద్దకొడుకు ఎక్కడి నుంచో ఇరవై ప్లాస్టిక్ పావురాలు కొనుక్కొచ్చాడు. వాటిని కోశాక మిగిలిన కొయ్యకాళ్ల మధ్య నిలబెడితే, పైన పోయే పిట్టలు తమవాళ్లు మేస్తున్నారనుకుని కిందికి రావాలి. రాలేదు. తండ్రీ కొడుకులు పొద్దంతా ఆకాశం చూసి మెడలు పట్టేసుకున్నారు. నేను నీళ్ల పైపు పట్టుకుని నా దారిన పోవచ్చు కదా! పోలేదు. "అట్ల కాదు బాబా" అన్నాను.

మా తాత కౌజు పిట్టలు పట్టేవాడు. పంజరంలో ఒక పెంపుడు పిట్టను ఉంచి, దాని కూత విని వచ్చినవాటిని ఉచ్చులో వేసుకునేవాడు. అట్లా ఆశపెట్టే పిట్టను దీమం అనేవాడు. ఆయన దగ్గర నేర్చిందేమిటంటే, పిట్ట ఏదైనా గాలికి ఎదురుగానే దిగుతుంది, ఎదురుగానే మేస్తుంది. వెనక నుంచి గాలి కొడితే ఈకలు లేచి దానికి ఒళ్లు మండుతుంది. కాబట్టి దీమాల ముక్కులన్నీ గాలి వైపు ఉండాలి. మధ్యలో, వచ్చేవాటికి దిగడానికి, కళ్లమంత ఖాళీ వదలాలి. నేను అట్లాగే పెట్టి చూపించాను. పావుగంటలో నలభై పావురాలు వచ్చి దిగాయి. ముసలాయన నా వీపు తట్టాడు. ఆ తట్టుడుతోనే నా శుక్రవారాలు పోయాయి. చేసుకున్నవారికి చేసుకున్నంత.

నేను చెప్పబోయే శుక్రవారం పోయినేడుది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మా అన్న దోహాలోని మెసైమీర్ లేబర్ క్యాంపు నుంచి ఏర్‌పోర్టు బస్సు ఎక్కాలి. లీవు మీద కాదు, వీసా క్యాన్సిల్ చేసుకుని, మళ్లీ రాకుండా. బస్సు ఎక్కేలోపు ఆయన ముందు నిలబడి నేను ఒక మాట చెప్పాలి.

ఆ మాట అప్పటికి రెండేళ్ల నాటిది. అన్న లుసైల్‌లో బిల్డింగులకు పరంజా కట్టే పని చేసేవాడు. ఒకరోజు పైనుంచి జారి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. దోహాలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గంటంబావు దూరంలో ఉండి నేను పోలేదు. అర్బాబ్ లీవు ఇవ్వలేదని ఫోన్లో చెప్పాను. "గాడు మనిషేనారా? వాని పాడుగాను!" అని అన్న మంచం మీది నుంచి తిట్టాడు. నేను "ఏంజేస్తమన్నా, గిట్లుంది నౌకరి" అన్నాను.

నిజమేమిటంటే నేను అడగనే లేదు. అడిగితే కాదంటాడేమోనని భయం. సరే పొమ్మంటే, కట్టు కట్టిన కాలు పైకి వేలాడదీసుకుని పడుకున్న అన్నను చూడాల్సి వస్తుందని ఇంకో భయం. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటుండగానే పదకొండు రోజులు గడిచిపోయాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అన్నను డిశ్చార్జి చేశారన్న రోజు నాకు గుండె మీది బరువు దిగింది.

తర్వాత రెండు పండుగలకు కలిశాం. క్యాంపులోనే ఏదో చిన్న పని ఇచ్చారు, కుంటుతూ వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ "నీ అర్బాబ్‌గాడు సచ్చిండా ఉన్నడా?" అని అడిగేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఫోన్లో చెబుదామని ఎన్నిసార్లు తీశానో! సిగ్నల్ బాగానే ఉండేది, నా నోరే పెగిలేది కాదు. ఇంటికి పోయాక చెబుదామంటే అక్కడ వదిన ఉంటుంది, పిల్లలుంటారు. అందరి ముందు ఆ మాట ఎట్లా చెప్పను? ఇక్కడే, ఆ క్యాంపు గేటు దగ్గరే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను.

మామూలుగా వేట జుమ్మా నమాజుకు ముందే ముగుస్తుంది. తండ్రీ కొడుకులు మజ్రా మసీదులో నమాజు చేసుకుని ఇంటికి పోతారు. ఒంటిగంటన్నరకు మా పికప్ పనివాళ్లను ఎక్కించుకుని దోహా పోతుంది. అందులో పోతే మూడింటికల్లా మెసైమీర్. ఇది నా లెక్క. ముసలాయనతో చెప్పాల్సిన పనే లేదనుకున్నాను.

నాలుగున్నరకే లేచి దీమాలు పెట్టాను. ఖర్జూర మట్టలు నరికి చాటుగా నిలబెట్టి, వాటి మీద వల కప్పి, దాని వెనక రెండు మడత కుర్చీలు వేశాను. గహ్వా, అంటే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, నీళ్ల డబ్బా అన్నీ మోశాను. తెల్లారేసరికి నా నడుం నాది కాదు. పావురాలు మాత్రం బాగా వచ్చాయి. కొడుకు వరసగా కొడుతున్నాడు. పడ్డవాటిని ఏరుకొచ్చేది నేనే. కొన్ని రెక్క విరిగి కొయ్యకాళ్ల మధ్య పరుగెడతాయి. వాటి వెంట నేను పరుగెత్తాలి. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంటాయి, గుండె టకటకా కొట్టుకుంటుంటుంది. తొమ్మిది దాటాక ఎండ నెత్తి మీదికొచ్చింది. నాకు ఏ పిట్ట మీదా జాలి కలగలేదు, కోపమూ రాలేదు. అది తెచ్చి ఇవ్వడం, మళ్లీ పోవడం, అంతే.

ముసలాయనకు మాత్రం ఒక్కటీ తగల్లేదు. ఆపరేషన్ అయిన కన్ను సరిగా ఆనదు. తుపాకీ ఎత్తేసరికి పిట్ట దాటిపోతుంది. ప్రతిసారీ తనలో తాను నవ్వుకుని మళ్లీ గుండు వేసుకునేవాడు.

నమాజు అయింది. నేను దీమాలు తీసి సంచిలో వేద్దామని పోతుంటే వెనక నుంచి ముసలాయన కేక వేశాడు. ఆయన మాటలు సగం అరబ్బీ, సగం హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను.

"తీయకు. ఒక్కటి. నా చేత్తో ఒక్కటి కొట్టి పోదాం."

ఓరి దేవుడా, ఇయ్యాలే కావాల్నా! అనుకున్నాను. అప్పుడైనా "బాబా, మా అన్న పోతున్నాడు" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అనలేదు. దానికి బదులు దొంగ తెలివి ఒకటి పుట్టింది.

గాలి మారింది, దీమాలు సరిచేస్తానని పొలంలోకి పోయాను. ఇరవై పావురాలనూ గాలికి తోక తిప్పి పెట్టాను. మధ్యలో ఖాళీ లేకుండా ఒకదాన్నొకటి ఆనుకునేట్టు గుమిగూర్చాను. ఇక ఏ పిట్టా దిగదు. పది నిమిషాలు చూసి, విసుగొచ్చి లేస్తారు. నాకు పికప్ దొరుకుతుంది. మా తాత చూసి ఉంటే అదే ఉచ్చుతో నా మెడకు ముడి వేసేవాడు.

పావురాలు వచ్చాయి. పైన ఒక చుట్టు తిరిగి, కింద ఏదో తేడాగా ఉందని వెళ్లిపోయాయి. ఇంకో గుంపు వచ్చింది, అదీ పోయింది. కొడుకు ఫోన్ చూసుకుంటూ ఆవులించాడు. ముసలాయన మాత్రం కదలడే! వేటగాడికి పిట్ట దొరికితే లేస్తాడు కానీ, దొరకకపోతే లేస్తాడా? తాత నాకు పిట్టల సంగతి నేర్పాడు, వేటగాళ్ల సంగతి చెప్పలేదు. ఒంటిగంటన్నరకు గేటు అవతల పికప్ దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను ఆ దుమ్మును చూస్తూ నిలబడ్డాను. ముక్కులన్నీ సరిగా పెట్టి ఉంటే ఈపాటికి ఒకటన్నా కొట్టి లేచేవాడు. నా కాలు నేనే నరుక్కున్నాను.

అప్పుడిక పోయి తిరిగి సరిచేసినా పోయిన పికప్ వెనక్కి రాదు. నీడలో కూలబడ్డాను.

రెండున్నర అవుతుండగా ముసలాయన లేచి, కర్ర పట్టుకుని పొలంలోకి నడిచాడు. దీమాల చుట్టూ తిరిగి చూశాడు. వంగి ఒకదాన్ని ముట్టుకున్నాడు. నన్ను పిలిచాడు. తిట్లు తినడానికి సిద్ధపడి పోయాను.

"పొద్దున పెట్టింది నువ్వే కదా?"

"అవును బాబా."

"ఇవి పెట్టింది కూడా?"

"నేనే."

నా మొహంలోకి చూశాడు. "ఒంట్లో బాగా లేదా? నువ్వు ఇట్లా పెట్టేవాడివి కాదే."

తిడితే తట్టుకునేవాణ్ణి. ఆ మాటకు తట్టుకోలేకపోయాను. నాలుగింటి బస్సు సంగతి, అన్న సంగతి గబగబా కక్కేశాను. ఆయన గడియారం చూసుకున్నాడు. "యల్లా, పద!" అని కొడుకును కేకేశాడు. తుపాకులు బండిలో పడేశారు. దీమాలు పొలంలోనే ఉండిపోయాయి. ముసలాయన ఆ రోజు ఒక్క పావురాన్నీ కొట్టలేదు.

కొడుకు నడుపుతున్నాడు. ముందు సీట్లోంచి ముసలాయన వెనక్కి తిరక్కుండానే అడుగుతున్నాడు. మీ అన్న ఎందుకు పోతున్నాడు? కాలు విరిగింది బాబా, ఇక పని చేయలేడు. ఎప్పుడు విరిగింది? రెండేళ్లయింది. ఆసుపత్రి ఎక్కడ? దోహాలోనే. నువ్వు పోయి చూశావా?

"లేదు."

"ఎందుకు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన మళ్లీ అడగలేదు. 

క్యాంపు గేటు ముందు బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. అన్న భుజాన సంచి వేసుకుని, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"వచ్చినవారా! రావనుకున్న." అంతలో నా వెనక కారు దిగుతున్న మనిషిని చూశాడు. మొహం మాడిపోయింది. "గీయననేనా?"

నేను నోరు తెరిచాను. ఒట్టు పెట్టుకున్న మాట అక్కడే ఉంది, నాలుక చివర. నాకంటే ముందు ముసలాయన వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పి, హిందీలో అన్నాడు. "నీ కాలు విరిగిన సంగతి నాకు ఇవాళే తెలిసింది. అప్పుడే తెలిస్తే నేనే వీణ్ణి నీ దగ్గరికి తీసుకొచ్చేవాణ్ణి."

అన్నకు హిందీ నాకంటే బాగా వచ్చు. మెల్లగా నా వైపు తిరిగాడు.

"లీవు ఇయ్యలేదంటివి గద?"

"నేను అడగలేదన్నా."

ఎవరో బస్సులోంచి రమ్మని చెయ్యి ఊపారు. అన్న పట్టించుకోలేదు.

"పదకొండు దినాలు," అన్నాడు. "పదకొండు దినాలు గీ ముసలాయనను తిట్టుకుంట పండుకున్నరా. నోటికొచ్చిన తిట్టల్ల తిట్టిన."

కుంటుతూ ముసలాయన దగ్గరికి పోయాడు. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, తప్పైంది బాబా అని హిందీలో అన్నాడు. ఎందుకో ఆయనకు తెలియదు. పర్లేదు, పర్లేదు అంటూ అన్న భుజం నిమిరాడు. ఆ క్షమాపణ చెప్పుకోవాల్సింది నేను. పక్కన నిలబడి చూశాను.

బస్సు మెట్టు మీద మంచి కాలు పెట్టి అన్న ఆగాడు.

"ఇయ్యాలన్న అడిగినవారా?"

అడిగానంటే కాదనేవాళ్లెవరూ లేరు. కానీ ఇంకో అబద్ధం మోసే ఓపిక నాకు లేదు.

"లేదన్నా. ఆయనే అడిగిండు."

అన్న నవ్వాడు. కోపంగా కాదు, అలిసిపోయి నవ్వినట్టు. "అడగంది అమ్మ గుడ పెట్టదురా. ఇంటికి వచ్చేటప్పుడన్న అడిగి రా," అన్నాడు. బస్సు తలుపు మూసుకుంది.

ఈ ఏడు బార్లీ కోత కూడా అయిపోయింది. నేను ఇంటికి పోయి మూడేళ్లు దాటింది. అన్న రెండుమార్లు ఫోన్ చేశాడు, ఎప్పుడొస్తున్నవురా అని. అడిగితే ముసలాయన కాదనడు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. మొన్న శుక్రవారం దీమాలు పెట్టి వచ్చి ఆయన పక్కన కింద కూర్చున్నాను. పావురాలు ఇంకా రాలేదు, కొడుకు బండి దగ్గర ఉన్నాడు. ముసలాయన చిన్న గ్లాసులో గహ్వా పోసి నాకిచ్చి, నా మొహంలోకి చూశాడు.

"ఏమన్నా చెప్పాలా?" అని అడిగాడు.

"ఏం లేదు బాబా," అన్నాను.