అరికాలికి తెలియని బ్రేకు

లారీ డ్రైవర్ సర్వర్ హెవీ లైసెన్సు గడువు సోమవారంతో తీరిపోతుంది. ఆ సంగతి అతనికి శనివారం పొద్దున పదకొండింటికి గుర్తొచ్చింది. ఐదేళ్లకోసారి వచ్చే పని. ఐదేళ్లూ జేబులో పెట్టుకు తిరిగి, చివరి రెండు రోజులకు తెచ్చి నా నెత్తిన పడేస్తారు. డ్రైవర్లందరూ ఇంతే, వీళ్లతో వేగలేక నాకు బీపీ వచ్చింది.

నా పేరు రామ్‌కిషన్. జహీరాబాద్‌లో లైసెన్సుల ఆఫీసుకు ఎదురుగా నాదొక చిన్న దుకాణం. ఇరవై ఆరేళ్లుగా ఫారాలు నింపుతున్నాను. మొదట చేత్తో రాసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీసి సంతకం పెట్టిస్తున్నాను. దుకాణం ముందు ఒక బల్ల వేశాను. పని ఉన్నవాళ్లకంటే లేనివాళ్లే దాని మీద ఎక్కువ కూర్చుంటారు.

సర్వర్‌కు యాభై రెండేళ్లు. పదిహేడేళ్లప్పుడు లారీ క్లీనర్‌గా ఎక్కాడు, ఇరవై రెండుకు స్టీరింగు పట్టాడు. ఇక్కడి అల్లం బొంబాయికి చేర్చడం, సీజన్‌లో చెరుకు తోలడం, ఇదే అతని జీవితం. భార్య పోయాక కూతురు సిద్రాను చదివించింది కూడా ఆ స్టీరింగు మీదే. ఇప్పుడు ఆ పిల్ల హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, ఇక ఇంటిపట్టున ఉండమని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడు. స్టీరింగు వదిలిన రోజు తాను మంచం పడతానని అంటాడు. అన్నంత పనీ చేసే మనిషే.

మా బల్ల మీద అతనికి ఒక విషయంలో పేరుంది. చెప్పులేసుకొని బండి నడిపేవాణ్ణి సర్వర్ అసలు డ్రైవర్‌గా లెక్కేసేవాడే కాదు. క్యాబిన్ ఎక్కగానే చెప్పులు తీసి సీటు వెనక పడేసేవాడు. బ్రేకు అరికాలితో మాట్లాడాలని, మధ్యలో రబ్బరు ముక్క పెడితే ఆ మాట వినపడదని కొత్తవాళ్లకు క్లాసు పీకేవాడు. అలాంటిది రెండేళ్ల కిందట, వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు కొని తొడుక్కు తిరగడం మొదలుపెట్టాడు. బండిలోనూ అవే. పెళ్లికొడుకు వేషమేంటని మేము ఏడిపించాం. వయసైపోయిందని నవ్వి ఊరుకున్నాడు. మేమూ ఊరుకున్నాం.

ఇక ఫారం సంగతి. డాక్టరిచ్చే కాగితం వేరు. ఇది బండి నడిపే మనిషి తన ఒంటి గురించి తానే చెప్పుకొని సంతకం పెట్టేది. మూర్ఛలు వస్తాయా, ఎరుపూ పచ్చా తేడా తెలుస్తుందా, కాళ్లూ చేతులూ సరిగా పనిచేస్తాయా అని కొన్ని ప్రశ్నలుంటాయి. నేను ఒక్కటీ ఎవర్నీ అడగను. ఏ ప్రశ్నకు అవును కొట్టాలో, దేనికి కాదు కొట్టాలో నా వేళ్లకు కంఠతా వచ్చు. సగం నిమిషంలో అయిపోతుంది. మా లైనులో ఏ దుకాణంలోనైనా పని జరిగేది ఇలాగే. ఆ శనివారం సర్వర్ ఫారమూ అలాగే నింపి, ప్రింటు తీసి, సంతకానికి బల్ల మీద పెట్టాను.

సరిగ్గా అప్పుడే సిద్రా వచ్చింది. ఆ అమ్మాయి పనిచేసేది ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. నాకు ఫోన్ ఆటలంటే ఒళ్లు మంట, ఆ మాట ఆ పిల్లతోనే చాలాసార్లు అన్నాను. నవ్వి వదిలేస్తుంది. ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఉర్దూలో మాట్లాడుకుంటారు, నా దుకాణం ముందు మాత్రం అందరితో పాటు తెలుగే, తండ్రిని అబ్బా అని పిలవడం తప్ప.

ఆమె కంపెనీ వాళ్లు లారీల పందెం ఆట ఒకటి చేశారట. మామూలు ఆటల్లో బండి గోడకు గుద్దుకున్నా ముందుకే పోతుంది. ఇందులో అలా కాదు. లోడు బరువు, టైరు పట్టు, బ్రేకు వేడెక్కడం, అన్నీ అసలు బండికి ఉన్నట్టే లెక్కగట్టి పెట్టారు. కానీ ఆఫీసులో తగవు. నిజమైన బండిలాంటి ఆట ఆడాలంటే స్టీరింగు చక్రం ఉండాలి, కాలిని తిరిగి తన్నే పెడల్ ఉండాలి, రెండు బొటనవేళ్లతో గాజు పలక మీద అది కుదిరే పని కాదని సగం మంది వాదన. చూపుతో, చప్పుడుతో బండి బరువు తెలియజెప్పవచ్చని సిద్రా వాదన. సోమవారం మీటింగులో తేల్చేస్తారు. ఈలోగా అసలు డ్రైవర్లతో ఆడించి చూద్దామని ఊరికి వచ్చింది. డ్రైవర్లు కావాలంటే నా బల్ల కంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ముందు జగదీశ్ తీసుకున్నాడు. సర్వర్ చేతికింద క్లీనర్‌గా మొదలై, ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారైన కొత్త ట్రాక్టర్లను ట్రాలీ లారీ మీద దూరాలకు చేరవేస్తున్నాడు. మంచి చెయ్యి. ఫోన్ అటూ ఇటూ వంచితే బండి తిరుగుతుంది, కుడి బొటనవేలు పైకి జరిపితే వేగం, ఎడమది కిందికి జరిపినంత బ్రేకు, గేరుకు పక్కనే ఒక గుర్తు. మొదటి మలుపులోనే టైర్లు బిగుసుకుపోయి బండి పక్కకు ఒరిగింది. రెండోసారీ అంతే. మూడోసారి మలుపుకు చాలా ముందే ఆపేసి, వెనక బండ్లతో గుద్దించుకున్నాడు.

“దీంట్ల నా కాలు ఏదమ్మా?” అని ఫోన్ తిరిగిచ్చేశాడు. “ఎంత తొక్కిననో కాలుకు తెల్వకుంట బండి ఎట్ల ఆపుత?”

అందరూ ఇదే అంటున్నారని సిద్రా ముఖం చిన్నబుచ్చుకుంది. మా దగ్గరికి రాకముందే లారీల అడ్డాలో పదిహేను మంది చేత ఆడించిందట, ఒక్కరూ మూడు చుట్లు పూర్తి చేయలేదు.

సర్వర్ సంతకం పెట్టబోతున్నవాడల్లా పెన్ను పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు, చప్పుడు పెంచమన్నాడు. మొదటి మలుపు దగ్గర ఎడమ వేలు కొద్దిగా కిందికి జరిపి, ఎత్తి, మళ్లీ జరిపాడు. బండి ఒద్దికగా తిరిగింది. దిగుడులో ముందే గేరు తగ్గించాడు. ఆ గేరులో ఇంజను ఇంత సన్నగా అరవదని కూతురికి తప్పు పట్టాడు కూడా. మూడు చుట్లూ పూర్తయ్యాయి. బండికి ఎక్కడా గీత పడలేదు. బల్ల మీద అందరం నోళ్లు తెరుచుకొని చూశాం. నాకే ఇంకో చుట్టు చూడాలనిపించింది, ఎవరికీ చెప్పకండి.

సిద్రా సంతోషం చూడాలి. ఎలా చేశారో చెప్పమని నోటుబుక్కు తీసింది. సర్వర్ ఆమెకు చెప్పకుండా జగదీశ్ వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు.

“కాలుతోని ఏం పని రా? బండి ముక్కు చూడు. బ్రేకు పట్టిందంటె ముక్కు వంగుతది, వంగినంక వదులు. ఇంజన్ సప్పుడు విను. నేను రెండేండ్ల సంది గట్లనే నడుపుతున్న.”

జగదీశ్ నవ్వబోయి ఆగిపోయాడు. బ్రేకు అరికాలితో మాట్లాడాలని తనకు నేర్పిన మనిషే ఈ మాట అంటున్నాడు మరి. సిద్రా రాయడం ఆపింది. ఆమె చూపు తండ్రి కాళ్ల మీదికి, ఆ పట్టీ చెప్పుల మీదికి పోయింది. బుక్కు మూసి, ఆయన ముందు కింద కూర్చొని, తనే పట్టీ విప్పి చెప్పు తీసింది. అందరి ముందు ఇదేం పనని సర్వర్ కాలు లాక్కోబోయాడు. ఆమె వదలలేదు. అరికాలి మధ్యలో రూపాయి బిళ్లంత కాలిన మచ్చ ఉంది.

“కండ్లు మూసుకోండి అబ్బా,” అంది. “పెన్ను ఆనించినప్పుడు చెప్పండి.”

సర్వర్ మూసుకున్నాడు. సిద్రా పెన్ను మొన అరికాలికి ఆనించింది. తర్వాత ఒత్తింది. చర్మం లోపలికి దిగి, నీలం సిరా చుక్క పడింది. మేమంతా చూస్తున్నాం.

“పెట్టు బేటా,” అన్నాడు సర్వర్. “ఎంత సేపు?”

అతను కళ్లు తెరిచి ముందు మా ముఖాలు చూశాడు, తర్వాత కాలు చూసుకున్నాడు.

ఇక దాచి లాభం లేక అన్నీ చెప్పాడు. షుగరు ఎనిమిదేళ్లుగా ఉంది, మందులు ఒక నెల వేసుకుంటే ఒక నెల మానేశాడు. కాళ్లు మెల్లగా మొద్దుబారాయి. మామూలు చెప్పులు రోడ్డు మీద ఎక్కడో జారిపోతే ఇంటికొచ్చాకే తెలిసేది, అందుకే పట్టీ ఉన్నవి కొన్నాడు. అంతకుముందు ఒక ఎండాకాలం, ఇంకా ఉత్తి కాళ్లతోనే నడిపే రోజుల్లో, బొంబాయి దారిలో హుమ్నాబాద్ దాటాక క్యాబిన్ నేల కాలుతుంటే అరికాలు కమిలింది, కాలిన వాసన ముక్కుకు తగిలాకే తెలుసుకున్నాడు. కిందటేడు ఉమర్గా దగ్గర ఒక టీ బండి బల్ల విరగ్గొట్టి వచ్చి, బ్రేకు సరిగా పడలేదని మాకు చెప్పాడు. మేము లారీ ఓనరును తిట్టిపోశాం. నిజానికి బ్రేకు బాగానే ఉంది. కాలు బ్రేకు మీద ఉందనుకున్నాడు, పక్కన ఉంది. ఆ బల్ల మీద ఆ పూట ఎవరూ కూర్చోలేదు.

సిద్రా అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది. సర్వర్ ఫోన్ ఎత్తి చూపించి, తగువు పెట్టుకున్నట్టు మాట్లాడాడు.

“ఒక్క గీత పడ్డదా, చూసినవ్ కద? రోడ్డు మీద గూడ గిట్లనే నడుపుత.”

“ఆ రోడ్డు మీద మనుషులు లేరబ్బా,” అంది సిద్రా. “మేం పెట్టలే.”

హోటలు నుంచి వచ్చిన చాయ్ అందరి ముందూ గ్లాసుల్లోనే చల్లారింది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ కాసేపట్లో నాకు అతని మీద కోపం రాలేదు. నా మీద నాకే సిగ్గేసింది. పట్టీ చెప్పులు చూసి నవ్వింది నేను. బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తున్న కాగితంలో, కాళ్లు భేషుగ్గా ఉన్నాయని కొట్టిందీ నేనే.

“కిషన్ భాయ్, దాంట్ల ఏం రాసినవో జర చదువు,” అన్నాడు సర్వర్ చివరికి.

ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్నలు పైకి చదవమని నన్ను అడిగినవాడు లేడు. చదివాను. మూర్ఛలు లేవన్నాడు. రంగులు తెలుస్తాయన్నాడు. కాళ్ల ప్రశ్న రాగానే, ముందు ఆఖరిదాకా చదవమన్నాడు. ఇక ఆఖరిది చదివాను. మీరు బండి నడపడం వల్ల జనానికి ప్రమాదం కలిగించే జబ్బు ఇంకేదైనా ఉందా అని ఉంటుంది అందులో.

సర్వర్ రోడ్డు వైపు చూశాడు. హైవే మీద నుంచి ఏదో లారీ హారను వినిపించింది. అది మలుపు తిరిగి చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

“ఉన్నది,” అన్నాడు. “రాయి.”

పాత కాగితం చింపేశాను. కొత్తది కంప్యూటర్‌లో తెరిచి, కాళ్ల ప్రశ్నకు కాదు అని, ఆ ఆఖరి ప్రశ్నకు అవును అని కొట్టాను. అలవాటు లేక వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. ప్రింటు తీసి ఇస్తే, సర్వర్ అక్షరం అక్షరం పేర్చి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఎదురుగా ఉన్న ఆఫీసులో ఇస్తే లైసెన్సు ఇక చేతికి రాదని మా అందరికీ తెలుసు. సిద్రా ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. సోమవారం మీటింగు గురించి ఇక ఒక్క మాట కూడా ఎత్తలేదు.

అల్లం లోడు కట్టిన లారీ ఆ సాయంత్రమే బొంబాయికి బయలుదేరాలి. సర్వర్ జేబులోంచి తాళం చెవి తీసి జగదీశ్ చేతిలో పెట్టాడు. ఓనరుకు తాను ఫోన్ చేసి చెబుతానన్నాడు. మూడో గేరు కొంచెం గట్టిగా పడుతుందని, ఎడమ అద్దం వదులుగా ఉందని, స్టెప్నీలో గాలి తక్కువుందని ఒక్కొక్కటే అప్పజెప్పాడు. జగదీశ్ తలవంచుకొని విన్నాడు.

“బ్రేకు రెండు వేళ్ల లోతు దిగినంక పడుతది, పరేషాన్ గాకు,” అన్నాడు సర్వర్. తర్వాత తన కాలి వైపు చూసుకొని మళ్లీ అన్నాడు. “అది రెండేండ్ల కిందటి మాట. ఇప్పుడు ఎట్లున్నదో నాకు తెల్వదు. నువ్వే తొక్కి చూసి చెప్పు.”