ఒక స్టేజీ ముందే దిగిపోయాడు

మా నాయన పోయిన సంగతి నాకు ఒక టీ కొట్టు మనిషి చెప్పాడు. ఎమ్మిగనూరుకు ఒక స్టేజీ ముందు, రోడ్డు చీలే చోట ఆయన కొట్టు. నాయన ఫోన్ నుంచే చేశాడు. "అమ్మా, నీళ్ళ పెద్దాయన బిడ్డవేనా నువ్వు? ఈడ పడిపోయినాడమ్మా. మొగాన నీళ్ళు కొట్టినాం, లేయలేదు. బిరీన రా." నేను అప్పటికి బస్టాండులో నాయన కోసమే నిలబడి ఉన్నాను. ఆటోలో పోయేసరికి అంతా అయిపోయింది.

నీళ్ళ పెద్దాయన అని ఎందుకన్నాడో అక్కడే తెలిసింది. నాయన ఎప్పుడొచ్చినా ఆ కొట్టు దగ్గర దిగి, కుండలో నీళ్ళు తాగి, మిగతా దారి నడిచేవాడు. ఒక్కసారి కూడా టీ తాగలేదట. "ఊరికే ఇస్తా తాగు పెద్దాయనా అంటే, అలవాటైతే రేపు ఆదోనికొచ్చి నువ్వు పోస్తావా అనేటోడమ్మా" అని ఆ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

నాయన వయసంతా ఆదోనిలో పత్తి ఫ్యాక్టరీలో మూటలు మోశాడు. సాయంత్రమయ్యేసరికి చొక్కా మీద, తలలో, కనుబొమల మీద తెల్లగా దూది. తోటివాళ్ళు గేటు దగ్గరే తువ్వాలుతో దులుపుకునేవాళ్ళు. నాయన దులుపుకునేవాడు కాదు. గాలి తగలకుండా సందుల వెంట మెల్లగా నడిచి ఇంటికొచ్చి, గడప లోపల మా అమ్మ పాత చీర పరిచి దాని మీద నిలబడేవాడు. ఆ దూది ఏరడం నా పని. "నీవి సన్న వేళ్ళు గదా అమ్మీ, పోగు పోగూ దొరుకుతాది" అనేవాడు. ఏరినదంతా సంచిలో కుక్కి అటక మీద పెట్టేవాడు.

"దీంతో ఏం చేస్తావు నాయనా?"

"దిండు."

ఎవరికో చెప్పేవాడు కాదు. మా ఇంట్లో ముగ్గురం. ముగ్గురికీ చెయ్యి మడిచి తల కింద పెట్టుకోవడమే.

చొక్కా ఫ్యాక్టరీకి తిరగేసి తొడుక్కునేవాడు, పెళ్ళిళ్ళకు సరిగ్గా తొడుక్కునేవాడు. "రెండు పక్కలకూ కలిపే గదా కొన్నది" అనేవాడు. గోడ గడియారంలోంచి పడుకునే ముందు బ్యాటరీ తీసేసేవాడు. పడుకున్నవాళ్ళకు టైముతో పనేముందని. పొద్దున ఫ్యాక్టరీ సైరన్ విని ముల్లు తిప్పి పెట్టేవాడు. ఒకసారి ఫ్యాక్టరీ బందు పెట్టారు. సైరన్ మోగలేదు. మా ఇంట్లో ఆ రోజంతా రాత్రి పదే. మధ్యాహ్నం మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, "ఏమయ్యా, రొట్టెలు ఇప్పుడు తట్టాల్నా, తెల్లారినాక తట్టాల్నా?" అని అడిగింది. నాయన కూడా నవ్వాడు.

అన్నిటికీ నవ్వు రాలేదు. బడిలో నా పలక పగిలితే సగం ముక్క చేతికిచ్చి, "ఇంగా సగముంది గదమ్మీ, దీని మీద రాసుకో" అన్నాడు. పిల్లలు ఎగతాళి చేశారు. నేను మళ్ళీ బడికి పోలేదు. ఆయనా పొమ్మనలేదు. ఈ మాట చెబితే మా చుట్టాలు కడుపు పట్టుకుని నవ్వుతారు. నేనూ వాళ్ళతో నవ్వుతాను. ఎక్కడ ఆగిపోతానో వాళ్ళకు కనబడదు. మా అమ్మ పోయినప్పుడు ఆమెకు కొత్త చీర కప్పారు. అలాంటి చీర ఆమె బతికుండగా కట్టలేదు. నాయన అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత, పెళ్ళయ్యాక నేనుంటున్న ఎమ్మిగనూరుకొచ్చి నా దగ్గరే ఉండమని ఎన్నోసార్లు బతిమాలాను. "మీ ఇంట్లో గడియారం రాత్రంతా తిరుగుతాది. నాకు నిద్ర పట్టదు" అన్నాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనాక ఇంక నాయనను ఆపలేకపోయాం. రోజూ ఫోను.

"అమ్మీ, నువ్వే వచ్చిపో. బస్సు ఊరికే గదా."

"కూలి పోతాది నాయనా."

"బస్సు ఊరికే గదా అంటాంటే!"

"అంత ఆశగా ఉంటే అమ్మ చీర కట్టుకొని నువ్వే ఎక్కు."

"ఎక్కుదును. మీసం తీయాల గదా. మంగలికి ఎవరిస్తారు?"

ఈ ఎండాకాలం నా కూతురు తొలి కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. పాప పుట్టింది. ఫోన్ చేస్తే నాయన వస్తానన్నాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. నాకు భయం ఆ ఒక్క స్టేజీ గురించే. టికెట్టు కొంచెం తగ్గుతుందని ఆ ఎండలో దిగి నడుస్తాడని తెలుసు.

"నాయనా, ఈ ఒక్కసారి బస్టాండు దాకా రా. నా తల మీద ఒట్టెయ్."

"ఒట్టు ఊరికే గదా. ఏసినాలే."

ఆ మాటకు నవ్వాను. నవ్వి ఫోన్ పెట్టేశాను. అదే చివరి మాట.

ఆ రోజు బస్టాండులో బస్సు ఆగింది. అందరూ దిగారు. నాయన దిగలేదు. ఫోన్ చేస్తే మోగడం లేదు. చార్జింగు అరుగుతుందని దారిలో ఆపేసుకుంటాడు. కండక్టర్‌ను అడిగాను. "సంకలో మూట పెట్టుకున్న తాతనా? ఆయన ముందు స్టేజీలోనే దిగిపోయినాడు గదమ్మా. టికెట్టు ఆడికే తీసుకున్నాడు" అన్నాడు. ఎందుకు దిగనిచ్చావని అరిచాను. పాపం, అతనేం చేస్తాడు. కాసేపటికి ఆ ఫోనే ఆన్ చేసి టీ కొట్టు మనిషి చేశాడు.

కొట్టు పక్క నీడలో పడుకోబెట్టారు. చొక్కా సరిగ్గా తొడుక్కున్నాడు. పక్కన మూట విప్పి ఉంది. అందులో చిన్న దిండు. మా అమ్మ పాత చీర ముక్కతో గలేబు, తన చేత్తోనే వేసిన వంకర కుట్లు. నా తలకు పెట్టలేదు, మా అమ్మ తలకు పెట్టలేదు. నా మనవరాలి కోసం తెచ్చాడు. తెచ్చినవాడు ఇంకొంచెం దూరం బస్సులో కూర్చోలేకపోయాడా? ఆ పాప తల దాని మీద పెట్టి, ఇదిగో అని నాకు చూపిస్తే నేను ఏమనేదాన్ని? ఏమీ అనేదాన్ని కాదు నాయనా.

పడినప్పుడు దిండు కుట్టు తెగినట్టుంది. చొక్కా మీద, తలలో, కనుబొమల మీద దూది. ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చి నిలబడినట్టు.

"దులిపెయ్యమ్మా, తీస్కపోవాల" అన్నారు ఎవరో.

నేను దులపలేదు. కొంగు పరుచుకుని పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. కూలి చేసి చేసి నా వేళ్ళు మొద్దుబారిపోయాయి, పోగులు చిక్కడం లేదు. ఇంతలో ఆదోని నుంచి వచ్చే బస్సు ఒకటి ఆగకుండా పోయింది. ఆ విసురుకు నా కొంగులోంచి కొంచెం దూది లేచి, దాని వెనకాలే ఎమ్మిగనూరు వైపు పోయింది.