గీతలమ్మ ఎక్కిళ్ళు

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ వృత్తి పిచ్చిగీతలు గీయడం. అణు ఇంధనం దాచిన గదుల తలుపులకు వేసే సీళ్ళు ఆవిడ బల్ల మీదే తయారవుతాయి. బొత్తామంత లోహపు మూత లోపల సూదితో నాలుగు గీతలు గీస్తుంది. పక్క బల్ల దగ్గరి ఫొటో తమ్ముడు వాటిని ఫొటో తీస్తాడు. ఏడాది తర్వాత తిరిగొచ్చిన సీలు ఆ ఫొటోతో సరిపోలితే, తలుపు ఎవరూ తెరవలేదనీ, బాంబు చేయడానికి చిటికెడు ఇంధనమైనా గడప దాటలేదనీ నమ్మకం. అందుకే ఆఫీసులో ఆవిడ గీతలమ్మ.

ఆ ఉదయం పెద్దసారు పది ఫొటోలు వరసగా పరిచాడు. పదీ ఒకే కడుపున పుట్టినట్టున్నాయి.

"ఏమిటమ్మా ఇది? ఒకటి చూసినవాడు మిగతా తొమ్మిదీ నిద్దట్లో గీసేస్తాడు. ఐదింటికి తనిఖీవాళ్ళు బయల్దేరతారు. నలభై మూతలు కావాలి, ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. లేదంటే రేపటినుంచి ఆ పని యంత్రానికి అప్పగిస్తాను."

ఆలోచించకుండా గీయాలని ఆలోచించడం మొదలుపెట్టిన మనిషికంటే దీనుడు లేడు. గీతలమ్మ ఎడమచేత్తో గీసింది. కళ్ళు మూసుకుని గీసింది. బల్లకు వీపు తిప్పి గీసింది. ప్రతిసారీ అవే నాలుగు గీతలు, కుడికి ఒరిగి, చివర కొక్కెంతో, నమ్మినబంటుల్లా వచ్చి నిలబడ్డాయి.

"అక్కా, నువ్వు కళ్ళు మూసుకున్నా నీ చెయ్యి మూసుకోదు," అన్నాడు ఫొటో తమ్ముడు, భోజనం డబ్బా విప్పుతూ. "ముందు తిను. ఆ యంత్రం వచ్చినా దానికి పని నేర్పమనేది నిన్నేగా! అదీ ఇవే గీస్తుంది."

నోట్లో ముద్ద ఉండగా గీతలమ్మకు నవ్వొచ్చింది. ముద్ద కిందికి, నవ్వు పైకి. మధ్యదారిలో రెండూ ఢీకొన్నాయి.

"ఎక్!"

మళ్ళీ సూది పట్టుకుంది. రెండో ఎక్కిలికి గీత కప్పలా ఎగిరి మూత అంచున పడింది. ఇద్దరూ వంగి చూశారు. ఆ గీతకు ఈ లోకంలో బంధువులు లేరు.

"అక్కా, నీళ్ళు తాగావో, నామీద ఒట్టే!" కూజాను బీరువాలో పెట్టి తాళం వేశాడతను. "ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు నిన్ను."

"బాంబులు... ఎక్... చేసేవాళ్ళే అయ్యుంటారు!"

ఇక నవ్వుతో ఎక్కిలి, ఎక్కిలితో గీత, గీతను చూసి మళ్ళీ నవ్వు. నాలుగున్నరకు ముప్పై తొమ్మిది మూతలయ్యాయి. అప్పుడు తలుపు దడాలున తెరుచుకుంది.

"ఏమిటీ గోల?"

"బెదిరించకండి సార్!" అని ఫొటో తమ్ముడు అరిచేలోపే కొంప మునిగింది. ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి.

పెద్దసారు భూతద్దం తీసి మూతలు ఒక్కొక్కటే చూశాడు. మెచ్చుకోవడం ఆయనకు పంటినొప్పితో సమానం, "ఊఁ" అన్నాడు. ఈలోగా గీతలమ్మ నలభయ్యోది గీసింది. నాలుగు గీతలు, కుడికి ఒరిగి, చివర కొక్కెం. గుట్టుగా గుంపులో కలిపేస్తే ఆయన కంట పడకపోవచ్చు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టింది.

"ఇది పనికిరాదు సార్. ఇది నేను గీసింది."

"మరి అవి?"

"నా ఎక్కిళ్ళు గీసినవి."

సారు మూతి బిగించాడు. బయటికి దారిలేని నవ్వు లోపలే తిరగబడింది.

"ఎక్!"

గీతలమ్మ కొత్త మూత ఆయన ముందు పెట్టి, సూది రెండు చేతులా అందించింది.

"కానివ్వండి సార్. ఆలోచించకండి."

"యంత్రం సంగతి... ఎక్... వద్దులే," అంటూ పెద్దసారు గీయసాగాడు. ఫొటో తమ్ముడు వెళ్ళి బీరువాకు అడ్డంగా నిలబడ్డాడు.