మిషనత్త కుడికాలు

మా మేనత్తను వీధంతా మిషనత్త అనే పిలుస్తుంది. మామయ్య పోయిన దగ్గర్నుంచి కుట్టు మిషన్ తొక్కి ఇద్దరు పిల్లల్ని ఓ దారికి తెచ్చింది. డెబ్బై దాటాక కొడుకు కరెంటు మోటారు పెట్టిస్తానంటే, "నా కాళ్లేమన్నా పడిపోయాయా?" అని గయ్యిమంది. ఒట్టి మొండిఘటం.

అలాంటి మనిషికి కుడికాలి మడమ పైన పుండు లేచింది. షుగరు ఉంది కదా, ఓ పట్టాన మానలేదు. ఏడాదిగా కట్లు కట్టించాం, మందులు మింగించాం. ఆరినట్టే ఆరి మళ్లీ చీము పట్టేది. చివరికి డాక్టరు, "ఎముకదాకా పాకితే కాలు తీసేయాల్సి వస్తుంది" అన్నాడు. అత్త కుడికాలిని చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

ఆఖరి ప్రయత్నంగా పుండు లోపలి ముక్క కాస్త తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు చూసి డాక్టరు ఆశ్చర్యపోయాడు.

"మనుషుల పుళ్లలో ఈ క్రిమి అరుదు. ఎక్కువగా కుక్కల నోట్లో ఉంటుంది. మీ ఇంట్లో కుక్క ఉందా మామ్మగారూ?"

"లేదు బాబూ" అంది అత్త, గోడవైపు చూస్తూ.

ఇంట్లో లేదు సరే, కుట్టు కొట్లోనో? మిషన్ కింద, పెడలు పక్కనే పడుకుంటాడుగా వీధికుక్క నల్లోడు!

"అత్తా, నిజం చెప్పు. వాడు నాకుతున్నాడా?"

"వాడి కాలు చీరుకుపోతే నాకి నాకి మాన్పుకున్నాడే! అందుకే మధ్యాహ్నం పూట కట్టు విప్పి వాడి ముందు పెడుతున్నా. చల్లగా ఉంటుంది" అని నసిగింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇక్కడ మేం మందులు పూస్తుంటే అక్కడ నువ్వు కుక్కచేత నాకిస్తావా?"

డాక్టరు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు.

ఆ క్రిమికి పనిచేసే మందు మొదలైంది. నల్లోడికి కొట్టు గుమ్మం దాటడానికి వీల్లేదని అందరం తెగేసి చెప్పాం. వాడు బయట కూర్చుని మూలుగుతుంటే లోపల అత్త ముక్కు చీదేది. "వాడి తప్పేముందే, పిలిచింది నేనేగా" అనేది. కానీ కట్టు మాత్రం విప్పలేదు. పుండు అంచులు మెల్లగా దగ్గరపడి, చివరికి చర్మం మూసుకుంది.

మొన్న డాక్టరే తెల్లకోటు వదులు చేయించుకోవడానికి కొట్టుకు వచ్చాడు.

"పొట్ట తగ్గించుకో బాబూ, లోపల ఇంక గుడ్డ లేదు" అంటూ అత్త కుడికాలు పెడలు మీద వేసింది. మిషన్ పరుగందుకుంది. ఆయన కోటు సంగతే మర్చిపోయి ఆ కాలినే చూస్తూ నిలబడిపోయాడు.

"అలా చూస్తావేం? నువ్వు తీసేస్తానన్న కాలే ఇది!" అంది అత్త, తొక్కడం ఆపకుండానే.

నాకు సంతోషంతో ఏడుపొచ్చేసింది.