నలభై దుప్పట్లు, నా సున్నాలు

పెడన అద్దకం పనివాళ్లకు ఓర్పు కాస్త తక్కువై ఉంటే, ఈపాటికి అక్కడి తల్లులు నా పేరు చెప్పి పిల్లలను భయపెట్టి అన్నం తినిపిస్తూ ఉండేవారు. ఆరు కుటుంబాలు కలిసి దళారి లేకుండా తెచ్చుకున్న మొట్టమొదటి ఆర్డరును నేను ఒక్క కుంచెతో, పరమ భక్తిగా ముంచేశాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, కానీ మరీ గట్టిగా వద్దు. వాళ్లూ ఇది చదివించుకుని వింటారు, విని మళ్లీ నవ్వడం మొదలుపెడతారు.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్లలేదు. గుడివాడలో మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదివించారు. అలా చదువుకున్నవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో కనబడినదల్లా వేదమే. పెళ్లయి బందరు వచ్చాక, నాణ్యత మీద ఒక పుస్తకం నా చేతిలో పడింది. అందులో ఒక వాక్యం: తప్పును పుట్టిన చోటే పట్టుకోవాలి. దేవుడి గదిలో దీపం పెట్టి మరీ దాన్ని బట్టీపట్టాను.

పెడనలో ఆ ఆరు కుటుంబాల అద్దకం షెడ్డుకు పెద్ద వీరాస్వామి గారు. అరవై దాటిన మనిషి. మాకు చుట్టం కాకపోయినా నాకు మావయ్యే. హైదరాబాదు దుకాణం నుంచి నలభై దుప్పట్ల ఆర్డరు రాగానే నన్ను పిలిచారు.

"అమ్మా, ఆ దుకాణం మేడం గారు ప్రతి దశలోనూ చెకింగు జరగాలంటున్నారు. మాకు రాతకోతలు రావు. నువ్వు చూసిపెట్టు. ఇది నిలబడితే మళ్లీ ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు."

"మీరు నిశ్చింతగా ఉండండి మావయ్యా," అన్నాను. ఆయన నిశ్చింతగా ఉన్న ఆఖరి రోజు అదే.

వారం తిరక్కుండా గోడకు చెక్‌లిస్టు వేలాడింది. కరక్కాయ నీళ్లలో గుడ్డ నానబెట్టడం, నల్ల అచ్చు, పటిక అచ్చు, కాలువలో ఉతుకు, కాగులో ఉడుకు. ఒక్కోదానికి ఒక్కో గడి. ఎరుపు రంగు గడి దగ్గర ఆగి, "ఎరుపు ఎక్కడేస్తారు మావయ్యా?" అని అడిగాను.

"వెయ్యమమ్మా. అది కాగులో పుడుతుంది."

'ఎరుపు: కాగు' అని రాసేసుకున్నాను. ఏ పువ్వు ఎర్రబడాలో, ఏ ఆకు ఎర్రబడకూడదో కాగుకు ఎలా తెలుస్తుందని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ గడి నిండింది. గడి నిండితే నాకు కడుపు నిండినట్టే.

పటిక అచ్చు వేసిన మర్నాడు మావయ్య చుట్టాల పెళ్లికని ఘంటసాల వెళ్లారు. బల్ల మీది దుప్పట్లు ఒక్కొక్కటీ విప్పి చూశాను. పువ్వులన్నీ వెలవెలబోతూ లేత గులాబీ రంగులో ఉన్నాయి. అదీ ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. నేను బియ్యం బస్తా విప్పి, గింజ గింజా కొరికి, ఏదీ ఉడకలేదని ఏడ్చిన రకం.

తప్పులు దొరికాయి సరే, గుర్తు పెట్టడం దేనితో? పెన్ను మరక పోదు, సుద్ద నిలవదు. పనివాళ్లు అచ్చు ముంచే గులాబీ రంగు నీళ్ల పళ్లెం పక్కనే ఉంది. పళ్లెం కడిగేటప్పుడు ఆ గులాబీ రంగు కాలువలో ఇట్టే కొట్టుకుపోవడం నేను కళ్లారా చూశాను. ఇంతకన్నా దైవానుగ్రహం ఏముంటుంది? కుంచె ముంచి, వెలిసినట్టున్న ప్రతి పువ్వు చుట్టూ ఒక సున్నా చుట్టాను. ఒక్కో దుప్పటికి పాతికకు తగ్గలేదు. మావయ్య వచ్చి చూసి సరిచేయిస్తారని నా ఊహ.

ఈలోగా కాలువలో నీళ్లు ఆపేస్తున్నారని, ఉతికేది ఉంటే వెంటనే కానిమ్మని కబురొచ్చింది. ఉతికేదీ ఉడకబెట్టేదీ నాగమణి. ఆమె దుప్పట్లు మూట కట్టేస్తూ అడిగింది:

"ఏంటండీ ఈ సున్నాలు?"

"నా గుర్తులే. నీళ్లలో పోతాయి."

"పోతే సరే. మా అత్తగారు కూడా నా పనికి ఇన్ని సున్నాలు చుట్టలేదు."

నిజంగానే పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. పాండురంగడికి దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు కాగులో ఎరుపునిచ్చే చెట్ల వేళ్లూ ఆకులూ మరుగుతుంటే మావయ్య పెళ్లి నుంచి తిరిగొచ్చారు. నాగమణి కర్రతో మొదటి దుప్పటి పైకెత్తింది. పువ్వులు కుంకుమలా ఎర్రగా, నిండుగా ఉన్నాయి. వాటి చుట్టూ నా సున్నాలు అంతకన్నా ఎర్రగా ఉన్నాయి. గుడ్డకు అమ్మవారు పోసినట్టుంది.

"మావయ్యా, ఇదేంటి?" అన్నాను.

"నువ్వు కుంచె ముంచింది పటిక నీళ్లలోనమ్మా. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ గులాబీ, అచ్చు ఎక్కడ పడిందో మా కంటికి కనబడ్డానికి కలుపుకునేది. అది పోతుంది. పటిక పోదు."

"ఎప్పటికీ పోదా?"

"నీ మనవరాళ్లు కప్పుకున్నా పోదు," అంది నాగమణి.

మావయ్య తుండుతో ముఖం తుడుచుకుని గట్టు మీద కూర్చున్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజుల్లో మేడం గారు చూడ్డానికి వచ్చారు. నేనే ఎదురెళ్లి అంతా చెప్పేశాను. తప్పు వాళ్లది కాదని, నన్ను చూసి ఆర్డరు తీసెయ్యవద్దని చేతులు జోడించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక దుప్పటి పరిపించారు.

"ఈ సున్నాలో ఏముంది?"

"తప్పండి. రంగు పట్టలేదు."

"పట్టిందిగా."

వంగి చూశాను. పట్టింది.

"మరి దీన్లో?"

అందులోనూ పట్టింది. ఏ సున్నా ఎందుకు చుట్టానో రాసుకున్న నా నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ పోయాం. సాయంత్రానికి నలభై దుప్పట్లూ అయ్యాయి. ఆవిడ కళ్లజోడు తీశారు.

"వీరాస్వామి గారూ, మీ పనిలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. దొరికినవన్నీ మీ చెకింగు వాళ్లవే. ఇంకో నెల తీసుకోండి. మళ్లీ వేయించండి. చెకింగు మాత్రం వద్దు."

ఆ నెలంతా కరక్కాయ నీళ్లు తోడింది, తడి గుడ్డలు మోసింది నేనే. మధ్యాహ్నం నాగమణి తన క్యారేజీ మూతలో నాకూ అన్నం పెట్టేది. అలాంటి మనుషుల మధ్య నాచేత తప్పు చేయించినందుకు స్వామికి ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను. వేరేచోట అయితే బతికి ఉండేదాన్ని కాదు. కొత్త నలభైలో ఒక్కటీ తిరిగిరాలేదు.

కాబట్టి పాండురంగడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివాళ్ల పని పూర్తిగా ఉడికేదాకా దానికి సున్నా చుట్టను. చెయ్యి మరీ దురదపెడితే మా వాకిట్లో ముగ్గు పెట్టుకుంటాను. అదైనా, ముందు ఓ చిటికెడు పిండి మీద మరిగే నీళ్లు పోసి, ఎర్రబడదని తేల్చుకున్నాకే.