కొవ్వూరులో ఆగిన పూట

నా కూతురు పుట్టినప్పుడు నేను ఓడలో ఉన్నాను. పాపకు ఐదో నెల వచ్చాక మా ఓడ బియ్యం ఎక్కించుకోవడానికి కాకినాడ వచ్చింది. నాకు దొరికింది ఒక్క పగలు. రాత్రి పదింటికి రేవు నుంచి ఆఖరి లాంచీలో ఓడకు తిరిగి వెళ్ళాలి. జంగారెడ్డిగూడెంలో పుట్టింట్లో ఉన్న నా భార్యకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, మధ్యాహ్నానికల్లా వస్తానని చెప్పాను.

కొవ్వూరులో బస్సు మారుతుంటే మా మేనత్త భర్త ఎదురుపడ్డాడు. "అత్తయ్యని చూడకుండా పోతావేంట్రా? పది నిమిషాలు," అంటూ నా బ్యాగు తీసి స్కూటర్ మీద పెట్టుకున్నాడు. చదువుకునే రోజుల్లో మూడేళ్ళు ఆ ఇంట్లోనే తిన్నాను. ఎలా కాదంటాను?

వెళ్ళగానే అత్తయ్య బ్యాగును బీరువాలో పెట్టి తాళం వేసింది. కోడిని కోయించింది. మావాడు షిప్పు ఇంజనీరంటూ వీధంతా పిలిచింది. వచ్చినవాళ్ళంతా తమ కొడుకులకు ఓడలో ఉద్యోగం అడిగారు. పదకొండయింది.

"ఆలస్యమవుతుందని మా ఆవిడకి ఫోనన్నా చెయ్యండి అత్తయ్యా," అన్నాను. లోపలి గదిలోకి వెళ్ళి చేసి వచ్చింది.

గారెలు, కోడి పులుసు. వద్దంటే ఇంకో గరిటె. "ఓడలో ఎవరు పెడతారు నాన్నా, తిను." దొడ్లోకి వెళ్ళి కక్కుకున్నాను. వచ్చేసరికి విస్తట్లో మళ్ళీ వడ్డించి ఉంది. రెండు రాత్రులు ఇంజన్ రూములో నిద్రలేనివాణ్ణి, అరగంటలో లేపమని చెప్పి మంచం మీద ఒరిగాను. కళ్ళు తెరిచేసరికి నాలుగున్నర.

"హాయిగా పడుకున్నావని లేపలేదురా. పాప ఎక్కడికి పోతుంది? మళ్ళీ వచ్చినప్పుడు చూద్దువుగాని," అంది అత్తయ్య నవ్వుతూ.

ఆవిడకు పిల్లల్లేరు. వసారా నిండా జనం ఉన్నారు.

"కనుంటే తెలిసేది మీకు," అన్నాను.

నాకిద్దామని తెచ్చిన ఆవకాయ జాడీని ఆవిడ మెల్లగా కింద పెట్టింది. బ్యాగు తెచ్చి గుమ్మంలో ఉంచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావయ్య స్కూటర్ తియ్యలేదు. బస్టాండుకు నడిచాను. ఇప్పుడు జంగారెడ్డిగూడెం వెళ్తే లాంచీ అందదు, కాకినాడ బస్సే ఎక్కాను.

ఎనిమిది నెలలకు ఇల్లు చేరాక తెలిసింది. అబ్బాయి అలిసిపోయాడు, ఇక్కడే ఉంటానంటున్నాడని అత్తయ్య ఫోన్లో చెప్పిందట.

"ఆడపిల్ల పుట్టిందని రాలేదేమో అంది మా అమ్మ. కాదని గట్టిగా చెప్పలేకపోయానండి," అంది నా భార్య. పాప నన్ను చూసి జడిసి తల్లి మెడ కరుచుకుంది.

ఆ తర్వాత కొవ్వూరులో ఎప్పుడూ దిగలేదు. అత్తయ్య పోయిన సంగతి మావయ్య కబురు చెయ్యలేదు. దినాలు కూడా అయిపోయాక రాజమండ్రి బజారులో ఎవరో అంటే విన్నాను.