వెనక్కి తీస్తే వచ్చే చప్పుడు

మా వ్యాను మొదటిసారి అరిచింది సోలార్ ప్లాంటు లోపల, పదిమంది ముందర. సోలార్ ప్లేట్లు కడిగే ఆడవాళ్లను వల్లూరులో ఎక్కించుకొని పొద్దున్నే ప్లాంటులో దించడం నా పని. ఎండెక్కితే ప్లేట్ల మీద నీళ్లు పోయనివ్వరు కాబట్టి సూర్యుడికంటే ముందే మేముండాలి. గేటు దాటాక ప్రతి బండినీ వెనక్కి తీసి, మూతి గేటు వైపు పెట్టి నిలపాలని అక్కడ రూలు. ఏదైనా నిప్పు రాజుకుంటే బండ్లు నేరుగా బయటికి పోవాలట. ఆరోజు నేను రివర్సు గేరు వేసి క్లచ్చి వదిలానో లేదో, ముందు సీటు కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ధడ్‌మంది. టిఫిను డబ్బాలు ఎగిరిపడ్డాయి. సూపర్‌వైజరు ఫోనులోంచి తల ఎత్తి చూశాడు.

“ఏమక్కా, బండికి ఏమొచ్చె?” అని అడిగింది వెనక సీటులో ఒకామె.

“ఏం రాలేదు, దిగండి,” అన్నాను. కోపం వస్తే నాకు మాటలు తగ్గిపోతాయి.

కోపం బండి మీద కాదు. ఇంటికి పోయి చెబితే ఏమంటారో నాకు ముందే తెలుసు. మా చేను సోలార్ పార్కు కింద పోయాక, దాని బదులుగా ఇంటికి వచ్చింది ఈ వ్యాను. నా పుట్టిల్లు అరసికెరె. పెళ్లికి ముందే శనక్కాయ చెట్టు పీకే కాలంలో మా అన్న ట్రాక్టరు తోలి నేర్చుకున్న దాన్ని నేను. మా ఆయనకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. ఆయనకు వేరే బ్లాకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది కాబట్టి బండి నా చేతికి వచ్చింది. అయినా మా అత్తకు అది “మా వాని బండి”. ఎవరన్నా అడిగితే, “మా వాని బండి, ఇది ఊరికే తోలుతాది,” అని చెప్పేది. “ఇది” అంటే నేను.

నాకు బండి తోలడమంటే ఇష్టం. ఇంట్లో ఎంత చేసినా నీళ్లెక్కడ, నిప్పెక్కడ అని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. బండిలో కూర్చున్నాక మాత్రం ఎటు తిప్పాలో నేనే చూసుకుంటాను. ఆడవాళ్లు వెనక కూర్చుని ఒకరినొకరు ఆడిపోసుకుంటూ నవ్వుతుంటే, ముందర తెల్లారుతుంటే, ఆ కాసేపు నాకు హాయిగా ఉంటుంది.

సాయంత్రం చప్పుడు సంగతి చెప్పాను. మా ఆయన ఆదివారం దాకా ఆగి, బండి తీసుకొని బలసముద్రం దాకా పోయి వచ్చాడు. నున్నటి రోడ్డు, ఖాళీ బండి. ఇంటి ముందరి కళ్లంలో గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, మూతి రోడ్డు వైపు పెట్టి దిగాడు.

“యాడప్పా చప్పుడు? చీమ చిటుక్కుమన్నట్లు గూడా లేదు. బండికి గాదు మే, రోగం నీ కాలికుండాది. క్లచ్చి టపీమని ఇడుస్తావు.”

“ఇన్ని దినాలూ ఇడిసింది ఈ కాలే గదయ్యా?” అన్నాను.

ఆయన నవ్వి లోపలికి పోయాడు. కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని. నవ్వేసరికి ఒళ్లు మండిపోయింది.

చప్పుడు మాత్రం ఆగలేదు. ప్లాంటులో రోజూ వస్తూనే ఉంది. ఆడవాళ్లు చెవులు మూసుకోవడం మొదలుపెట్టారు. నేను రివర్సు వేసే ముందే “పట్టుకోండి, పట్టుకోండి” అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఊళ్లో తిరిగి తిరిగి మా అత్త దగ్గరికి వచ్చింది. ఆమె రాత్రి గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే తేల్చేసింది.

“సోమవారం నుంచి మా వాడే తోలుతాడు. గేటు పని చాలించుకోమని చెప్పినా. నువ్వు వాళ్లతో కలిసి ప్లేట్లు కడుగు. ఆడదాని చేతిలో బండి ఎన్నాళ్లుంటాది? నడుములిరగ్గొడతాండావంట అందరికీ.”

ప్లేట్లు కడగడం నామోషీ కాదు. కానీ నా బండిలో నేను వెనక సీటులో కూర్చుని పోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడవలేదు. మరునాడు పని అయ్యాక బండిని పావగడలో మెకానిక్ దగ్గరికి తోలుకొని పోయాను.

ప్లాంటులో బండి నిలిపేటప్పుడు వస్తోందని చెప్పాను, అక్కడి గతుకుల వల్లేమో అనుకొని. అతను చక్రాలు ఊపి చూశాడు. బండిని నాలుగు మూలలా అదిమి చూశాడు. ఖాళీ బండిలో రోడ్డు మీద అటు పోయి ఇటు వచ్చాడు. “షాక్ అబ్జార్బర్లు బాగుండాయి. నాకేం ఇనపడలేదక్కా. అది ఎప్పుడు వస్తాదో నువ్వే కనిపెట్టాల. గుంతల్లో దిగినప్పుడా, బ్రేకేసినప్పుడా, గేరు మార్చినప్పుడా? అది చెబితే సగం పని అయిపోతాది,” అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నా కాలిని అనకుండా బండి సంగతి అడిగినవాడు అతనొక్కడే. మరునాడు ఆడవాళ్లందరినీ నోరు మూసుకొని కూర్చోమన్నాను. గుంతల్లో దించాను, ఏమీ లేదు. గట్టిగా బ్రేకు వేశాను, ఏమీ లేదు, తిట్లు తప్ప. మిట్ట మీద ఆపి, నిండు బండితో ఫస్టు గేరులో లాగితే సీటు కింద సన్నగా టక్‌మంది. ప్లాంటులో రివర్సు వేయగానే ధడ్‌మంది, గేరు రాడ్డు నా చేతిని తోసింది. అంటే గతుకులతో పని లేదు. ముందుకు లాగిన ఇంజను వెనక్కి లాగేటప్పుడే అరుస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. మా ఇంటి దగ్గర ఆ బండి ఎన్నడూ వెనక్కి పోలేదు.

మా కళ్లంలో ఏదీ వెనక్కి పోకూడదు. రాగులు నూర్చే రోజుల్లో కళ్లంలో ఎద్దు వెనకడుగు వేస్తే రాశి తగ్గుతుందని మా అత్త నమ్మకం. చేను పోయింది, ఎద్దులు పోయాయి, కళ్లం మాత్రం ఇంటి ముందర అట్లాగే ఉంది. బండి వచ్చిన రోజే ఆమె చెప్పేసింది, దీన్ని కూడా గుండ్రంగానే తిప్పాలని. శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందుకే పోనివ్వాలని. మేమూ అదే పాటించాం. బలసముద్రం పోయి వచ్చిన మా ఆయన కూడా పద్ధతిగా చుట్టు తిప్పి నిలిపాడు. ఇంక చప్పుడు ఎట్లా వస్తుంది?

మెకానిక్‌కు ఫోను చేస్తే ఎగిరి గంతేసినంత పని చేశాడు. “మౌంటింగ్ రబ్బర్లు పోయినట్లుండాయక్కా. ఇంజను కూచునేది వాటి మీదే. అవి చీలితే ముందుకు లాగినప్పుడు ఒక పక్కకు, వెనక్కి లాగినప్పుడు ఇంకో పక్కకు ఒరిగి ఇనుముకు కొట్టుకుంటాది. సీటు లేపి, బ్రేకు తొక్కి పట్టుకొని, గేరు మార్చి మార్చి సూడు.”

ఆదివారం పొద్దున పక్కింటి ఆడవాళ్లను పిలిచి బండి నిండా కూర్చోబెట్టాను. మా ఆయన చేతికి తాళం ఇచ్చాను.

“రేపటి నుంచి నువ్వే తోలు, నేనొద్దనను. కానీ ఒక్కసారి నా కండ్ల ముందర ఈ కళ్లంలో వెనక్కి తియ్యి. అత్తా, నువ్వు ముందు సీటులో కూచో.”

కళ్లంలో వెనక్కి అనేసరికి అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె కొంగు నడుముకు చుట్టుకొని ఎక్కి కూర్చుంది. మా ఆయన ఇంజను ఆన్ చేసి, గేరు మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు.

“అమా, వెనక్కి తియ్యమంటాండాది.”

ఆమె అద్దంలోంచి కళ్లం వైపు చూసింది. అడిగి తప్పు చేశానేమో అనిపించింది నాకు.

“రాగులుండాయా, ఎద్దులుండాయా? ఇంగేం తగ్గుతాదిరా,” అంది. “తియ్యి.”

నాకు చూపించాలని ఆయన క్లచ్చిని వెన్న ముట్టినట్టు వదిలాడు. అయినా ధడ్‌మంది. మా అత్త సీటులోంచి లేచి మళ్లీ పడింది.

“ఏందిరా ఇది, నడుములిరగ్గొడతావా!” అని కొడుకు భుజం మీద ఒక్కటి వేసింది.

నాకు నవ్వు ఆగలేదు. వెనక ఆడవాళ్లకు అసలే ఆగలేదు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు! అందరినీ దించి సీటు లేపి, ఆయన్ను బ్రేకు తొక్కి గేరు మార్చమన్నాను. కాళ్లు కట్టేసిన పొట్టేలు లేవబోయినట్టు ఇంజను అటు లేచింది, ఇటు లేచింది. మా అత్త వంగి, కళ్లు చికిలించి చూసింది.

“ఇంజను ఇట్లా ఎగురుతాంటే దీని కాలు ఏం చేస్తాది?” అంది. మొదటిసారి నా పక్షాన మాట్లాడింది. ఆ ఒక్క మాటకు నా వారం రోజుల కోపం దిగిపోయింది.

పావగడలో రబ్బర్లు మార్పించాం. ఊడదీసినవి చేతిలో పెడితే ఎండిపోయిన రొట్టె మాదిరి పగిలి, నడిమికి రెండు చెక్కలై ఉన్నాయి. మా ఆయన వాటిని ఇటూ అటూ తిప్పి చూసి, “గేటు పని ఇడిసిపెట్టేది లేదులే మే,” అన్నాడు.

శుక్రవారం వచ్చింది. మా అత్త ఎప్పటిలాగే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను ఎక్కబోతుంటే “ఉండు మే” అని, కొంగులోంచి ఇంకో రెండు నిమ్మకాయలు తీసి వెనక చక్రాల వెనకాల పెట్టింది.

“ఇవెందుకత్తా?”

“నీ బండి వెనక్కి గూడా పోవాల గదా,” అంది.

నేను ఎక్కి కూర్చుని రివర్సు గేరు వేశాను. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.